ప్రస్థానం సంచి

సోమవారం పొద్దున అయిదు గంటలకు లక్ష్మీప్రియ బీరువా తెరిచి చూస్తే ఫైలు లేదు. నర్సింగ్ సర్టిఫికెట్లు, కౌన్సెలింగ్‌కు రమ్మన్న కాగితం, నాలుగేళ్ళ కాంట్రాక్టు పనికి ఇచ్చిన అనుభవ పత్రం, అన్నీ ఆ నీలం ఫైల్లోనే ఉన్నాయి. పది గంటలకు ఆమె మద్రాసు తేనాంపేటలో ఉండాలి. అక్కడ ర్యాంకు వరసన పిలుస్తారు. పిలిచినప్పుడు ఒరిజినల్ కాగితాలు చూపించి, ఖాళీగా ఉన్న ఊళ్ళలో తనకు కావలసింది కోరుకోవాలి. ఆమె ర్యాంకు నలభై ఒకటి. జాబితాలో పాండూరు ఆరోగ్య కేంద్రం ఉంది. అది దొరికితే పొద్దున తిరుత్తణిలో రైలెక్కి, సాయంత్రానికి ఇల్లు చేరి, మూడున్నరేళ్ళ మోక్షితకు తన చేత్తో అన్నం పెట్టుకోవచ్చు. పిలిచినప్పుడు మనిషి లేకపోతే మాత్రం అందరూ వద్దనుకున్న ఊళ్ళలో ఏదో ఒకటి ఏరుకోవాలి. అవన్నీ మూడువందల కిలోమీటర్ల అవతలే ఉన్నాయి.

అత్త కృష్ణమ్మ వాకిట్లో ముగ్గు వేస్తోంది. ఫైలు ఏదని అడిగితే చుక్కల మీదనుంచి చూపు తిప్పకుండానే జవాబు చెప్పింది.

"సోమవారం తూర్పుకు శూలం కదమ్మా. నిన్ననే మంచి వేళ చూసి ప్రస్థానం పంపించేసినాను. మీ చిన్నాయన తిరువళ్ళూరికి ఎత్తుకోని పోయినాడు."

ప్రస్థానం సంగతి లక్ష్మీప్రియకు తెలియనిదేమీ కాదు. రోజు బాగాలేని దిక్కుకు పోవలసివస్తే, బాగున్న రోజునే తమ వస్తువొకటి ఆ దిక్కున ఉన్న వేరేవాళ్ళ ఇంట్లో పెట్టిస్తారు. దాంతో ప్రయాణం ఆ రోజే మొదలైపోయినట్టు. మర్నాడు దోవలో ఆ వస్తువును అందుకొని పోవాలి. ఇందుకోసం ఆదివారం ఆమే ఒక చీర మడిచి అత్త చేతికిచ్చింది. అయితే వట్టి చీరకు శూలం తగ్గదని, ఏ పనిమీద పోతున్నారో ఆ పనే ముందు గడప దాటాలని కృష్ణమ్మకు తర్వాత తోచింది. పనంతా ఫైల్లో ఉంది కాబట్టి ఫైలునూ సంచిలో పెట్టేసింది. చెబితే కోడలు అడ్డుపడుతుందని చెప్పలేదు.

పరాయి అత్త అయితే గట్టిగా నాలుగు మాటలు అనేసేదేమో. కృష్ణమ్మ స్వయానా మేనత్త, ఎత్తుకొని పెంచిన మనిషి. లక్ష్మీప్రియ కోపమంతా లోపలే కుతకుత ఉడికింది.

"తిరువళ్ళూరు దోవలోనే కదా ఉండేది" అంది కృష్ణమ్మ, ఇందులో ఇంత గాభరా ఎందుకన్నట్టు.

దోవలో ఉంటే చాలదు, అక్కడ బండి ఆగాలి. లక్ష్మీప్రియ భర్త శ్రీకర్ పది రోజుల ముందే తిరుపతి వైపునుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్క సీటు రిజర్వు చేసి, ఇంటిల్లిపాదికీ ఫోను చూపించి మెప్పు పొందాడు. ఆ బండి అరక్కోణం వదిలితే మళ్ళీ పెరంబూరులోనే ఆగుతుంది. ఆ టికెట్టు నీళ్ళపాలైంది. ఇక ప్రతి స్టేషనులోనూ ఆగి ఆగి పోయే లోకల్ రైలే గతి.

శ్రీకర్ సొసైటీ బ్యాంకులో క్యాషియరు, సోమవారం సెలవు దొరకదు. బైకు మీద ఆమెను స్టేషనుకు తీసుకొచ్చాడు. క్యూలో నిలబడే పనిలేదు, యాప్‌లో క్షణంలో టికెట్టు తీస్తానన్నాడు. స్టేషను లోపల యాప్ పనిచేయలేదు, పట్టాలకు దూరంగా పొమ్మంది. రోడ్డు మీదికి పరిగెత్తాడు. మద్రాసు అని కొడితే సెంట్రల్, పార్కు, బీచ్, ఫోర్టు, ఎగ్మోరు అని తెరనిండా స్టేషన్లు దిగాయి. వాటిలో ఒకదాన్ని ఎంచి, డబ్బు కట్టి, గెలిచినవాడిలా తిరిగొచ్చాడు. తీరా చూస్తే యాప్‌లో తీసిన టికెట్టును ఏ ఫోన్లో తీస్తే ఆ ఫోన్లోనే చూపించాలట. ఫోను బ్యాంకుకు పోతుంది, భార్య మద్రాసుకు పోతుంది. లక్ష్మీప్రియ అతని మొహం వైపు చూడకుండా పోయి కౌంటరు దగ్గర క్యూలో నిలబడింది. బండి కదులుతుండగా ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కింది. టికెట్టు ఇచ్చిన ఆయనకు అన్నం పెట్టినా పుణ్యమే అనిపించింది, ఎందుకంటే ఆ పొద్దున ఆమె అడిగింది అడిగినట్టు ఇచ్చినవాడు అతనొక్కడే.

బండిలోనుంచి చిన్నాయన ధనకోటికి ఫోను చేసింది. ఏడుంబావుకు తిరువళ్ళూరు వస్తానని, బండి దిగనని, సంచి గుమ్మం దగ్గర అందిస్తే చాలని రెండుసార్లు చెప్పింది. ఆయన సరే సరే అన్నాడు. ధనకోటి పెరంబూరు దగ్గర ఒక కార్ఖానాలో ముప్పయ్యేళ్ళు పనిచేసి రిటైరైనవాడు. ముప్పయ్యేళ్ళూ సీజను టికెట్టు మీద తిరిగినవాడు కాబట్టి రైళ్ళ విషయంలో తనకు ఒకరు చెప్పడమేమిటనే ధీమా ఉంది. లక్ష్మీప్రియ భయపడవలసింది ఆ ధీమాకే.

తిరువళ్ళూరులో బండి ఆగేసరికి ధనకోటి ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. రెండు చేతులూ ఖాళీ.

"దిగమ్మా, దిగు. ఈ జనం కూటంలో నిలబడుకోని పోతావా ఏంది? ఆ పక్క మన తిరువళ్ళూరు బండి ఉండాది, ఇక్కడే బయలుదేరేది. సంచి పెట్టి నీకు సీటు పట్టినాను."

సీజను టికెట్టు వాళ్ళకు అది వేళ్ళకు పట్టిన అలవాటు. ఖాళీ బండి వచ్చి నిలవగానే కిటికీలోనుంచి తుండుగుడ్డో సంచో సీటు మీద పడేస్తారు, తర్వాత తీరిగ్గా టీ తాగి వచ్చి కూచుంటారు. ఎవరూ దాన్ని ముట్టరు. అన్న కూతురు మద్రాసు దాకా నిలబడి పోకూడదని ధనకోటి అదే పని చేశాడు. లక్ష్మీప్రియ దిగింది. దిగకపోతే సంచి ఎలా వస్తుంది మరి. ఇద్దరూ మెట్లెక్కి వంతెన సగానికి వచ్చేసరికి కింద ఆ రెండో బండి కదిలింది. ధనకోటి చెయ్యెత్తి నిలబడ్డాడు. ఆయన చెయ్యి చూసి ఏ రైలు ఆగుతుంది. వెనక్కి తిరిగితే ఆమె దిగిన బండి కూడా వెళ్ళిపోతోంది.

"సంచి ఉండే ఆ బండి యాడికి పోతాది చిన్నాయనా?"

"మద్రాసుకే."

"మద్రాసులో యాడికి? మూర్ మార్కెట్టుకా, బీచ్‌కా?"

సెంట్రల్ పక్కన లోకల్ రైళ్ళకు ఉన్న స్టేషనును అందరూ మూర్ మార్కెట్టు అంటారు. సగం రైళ్ళు అక్కడికి పోతాయి, సగం పక్కకు తిరిగి బీచ్ స్టేషనుకు పోతాయి. ధనకోటి ముప్పయ్యేళ్ళూ పెరంబూరులో దిగి ఇంకో అడుగు ముందుకు పోలేదు. పెరంబూరు దాటాక రైలు ఏమైపోతుందో ఆయన ఏనాడూ అడిగి తెలుసుకోలేదు. స్టేషను మాస్టరును అడిగి వస్తానని ఆయన అటు పోగానే ఇటు ఇంకో మూర్ మార్కెట్టు బండి వచ్చింది. లక్ష్మీప్రియ ఆగలేకపోయింది, ఎక్కేసింది. ఆయన ఫోను ఇంట్లో చార్జింగులో ఉందని ఎక్కాక చిన్నమ్మ ఎత్తితే తెలిసింది.

శ్రీకర్‌కు ఫోను చేసి సంచి పోయిన బండి ఎక్కడికని అడిగింది. అతను యాప్ తెరిచి, తిరువళ్ళూరులో ఏడుంబావు బండి మూర్ మార్కెట్టుకేనని కళ్ళారా చూసి చెబుతున్నానన్నాడు. పక్కన మల్లెపూల గంపతో కూచున్న పొన్నమ్మ ఈ మాటలు వింది. ఆమె రోజూ రాయపురం పోయి పూలమ్ముతుంది. అది బీచ్ బండి అని, అది తప్పిపోయినందుకే తాను ఇందులో ఎక్కానని, దారిలో వ్యాసర్‌పాడిలో దిగి బీచ్ బండికి మారతానని, నువ్వూ నాతో దిగమని తమిళంలో నెమ్మదిగా చెప్పింది. ఎదురుగా ఉన్న ఇద్దరు కాదు కాదు మూర్ మార్కెట్టే అన్నారు. వ్యాసర్‌పాడి వచ్చింది. పొన్నమ్మ దిగి, ఒకసారి వెనక్కి చూసి పోయింది. లక్ష్మీప్రియ కదల్లేదు. రోజూ పోయే మనిషి మాటకన్నా భర్త ఫోను మాటే గట్టిదనుకుంది. ఆ తప్పు మాత్రం ఎవరిమీదికీ తోయడానికి లేదు, అచ్చంగా తనదే.

మూర్ మార్కెట్టులో ప్లాట్‌ఫారాలన్నీ గాలించింది. చివరికి ఒక గార్డును అడిగితే తిరువళ్ళూరులో బయలుదేరే ఆ బండి బీచ్‌కు పోయి అరగంటైందన్నాడు. శ్రీకర్ చూసింది చిన్నాయన ఆమెను దింపేసిన బండి తాలూకు వరస. దిగకుండా కూచుని ఉంటే అదే ఆమెను ఇక్కడికి చేర్చి ఉండేది, కానీ ఫైలు లేకుండా. ఈ ఆలోచన వచ్చాక ఎవరిని తిట్టుకోవాలో కూడా ఆమెకు తెలియలేదు.

రోడ్డు కిందినుంచి దాటి పార్కు స్టేషనుకు పరిగెత్తింది. మళ్ళీ క్యూ, మళ్ళీ టికెట్టు. బీచ్ రెండే స్టేషన్లు. దిగేసరికి తొమ్మిది నలభై. ప్లాట్‌ఫారం చివర ఒక బెంచీ చుట్టూ తాడు కట్టి ఉంది, బెంచీ మీద అత్త సంచి ఒంటరిగా కూచుని ఉంది. సంచి మూతికి పసుపు గుడ్డ ముడి, ఆ ముడిలోనుంచి నిమ్మకాయ తొంగిచూస్తోంది. తిరువళ్ళూరు నుంచి బీచ్ దాకా జనం ఒకరిమీద ఒకరు పడి నిలబడ్డారు గానీ ఆ సీటు మీద కూచోవడానికి ఒక్కరికీ ధైర్యం చాల్లేదట. అందరూ దిగాక కూడా సంచి దిగలేదు. ఎవరో పోలీసులకు చెప్పారు.

వాసన పట్టే కుక్క వచ్చి పోయేదాకా దగ్గరికి పోనివ్వలేదు. యువరాణి అనే కానిస్టేబులు, ఈమె ఈడుదే, సంచిలో ఏముందో ముందు చెప్పమంది. ఫైలు, చీర అని చెప్పింది లక్ష్మీప్రియ. విప్పితే వాటితోపాటు పసుపు బియ్యం, తమలపాకులు, వక్కలు, టెంకాయ, ధనకోటి తనవంతుగా కుక్కిన మురుకుల పొట్లం బయటికొచ్చాయి. ఇవెందుకని యువరాణి అడిగింది. శూలం కథంతా నడి ప్లాట్‌ఫారం మీద తమిళంలో చెప్పుకోవలసి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. యువరాణి నవ్వలేదు, వాళ్ళమ్మ కూడా ఇంతేనంది. అయినా కాగితం రాసి సంతకం పెట్టనిదే సంచి ఇవ్వడానికి లేదంది. లక్ష్మీప్రియ కూచుని రాసింది. ఏడిస్తే ఇంకో అయిదు నిమిషాలు పోతాయని ఏడవలేదు.

తేనాంపేట చేరేసరికి పదకొండు కావడానికి అయిదు నిమిషాలున్నాయి. హాల్లో గోడమీది తెరలో ఊళ్ళ పేర్లున్నాయి. ఎవరైనా కోరుకున్న ఊరు ఎర్రగా మారుతుంది. పాండూరు ఎర్రగా ఉంది. యాభై మూడో ర్యాంకును పిలుస్తున్నారు. పాండూరు ఏ ర్యాంకుకు పోయిందని బల్ల దగ్గరి గుమాస్తాను అడిగింది. ఆయన చూసి నలభై ఆరు అన్నాడు. ఆమెను మూడుసార్లు పిలిచామని కూడా మర్యాదగానే చెప్పాడు. నలభై ఒకటికి పాండూరు ఖాళీగానే ఉంది. ఆమె సంచి గురించి కాగితం రాస్తున్నప్పుడు ఇక్కడ ఆమె పేరు పిలిచారు.

అందరూ అయ్యాక మిగిలినవాటిలో కోరుకోవడానికి ఆమెకు అవకాశమిచ్చారు. రామనాథపురం వైపు రెండు, నాగపట్నం వైపు ఒకటి ఉన్నాయి. ఇంటికి ఫోను చేసి అడగవచ్చు, అయిదు నిమిషాలు టైమిస్తామన్నారు. లక్ష్మీప్రియ ఫోను బయటికి తీయలేదు. కేంద్రం వెనకాలే నర్సుకు ఇల్లు ఉందా అని మాత్రం అడిగింది. నాగపట్నం దగ్గరి ఊళ్ళో ఉందన్నారు. ఒక గది, వంటిల్లు, బోరింగు. అక్కడే సంతకం పెట్టింది.

బయటికొచ్చాక శ్రీకర్ ఫోను చేశాడు. పాండూరు పోయిందని, నాగపట్నమని, వచ్చే సోమవారం చేరాలని చెప్పింది. అటువైపు వెనక కృష్ణమ్మ గొంతు, ఆ తర్వాత శ్రీకర్ మాట వినిపించాయి. బ్యాంకులోనుంచి ఇంటికెప్పుడు వచ్చాడో, లేక ఆమే బ్యాంకుకు పోయిందో.

"పోనీలే, ఏం చేసేది. నాగపట్నం బండి ఎగ్మోరులోనా, తాంబరంలోనా నేను చూస్తా ఉండాను. అమ్మ ఏమంటా ఉందంటే, పాపను ఈడనే ఉండనీమంటా ఉంది. తాను చూసుకుంటాదంట. నీ ఒక్కదానికే కదా టికెట్టు?"

"నువ్వేమీ చూడొద్దు బావా. నేనే ఎగ్మోరుకు పోయి అడిగి తీసుకుంటాను. ఒక్క టికెట్టు చాలు."

శ్రీకర్ ఊపిరి వదలడం వినబడింది. ఒకటేనంట అని వాళ్ళమ్మకు చెబుతున్నాడు. అతను చెప్పడం ముగిసేదాకా ఆగి, లక్ష్మీప్రియ మిగతా మాట చెప్పింది.

"పాపకు అయిదేండ్లు నిండలేదు కదా. దానికి టికెట్టు అక్కర్లేదు."