రేవు బోర్డు మీది వేళ

లైట్‌హౌస్ మెట్లేమీ పెరగలేదు, తగ్గలేదు, నూట నలభై మూడే, పోయినేడూ ఇంతే, అంతకు ముందేడూ ఇంతే, అయినా ఎక్కి లెక్కపెట్టాల్సిందే, ఎక్కకుండా రాస్తే అది నా కాగితం కాదు, మోకాళ్ళు ఏమన్నా అననీ, ఇరవై రెండేళ్ళుగా ఏడాదికొకసారి ఈ దీవి చుట్టూ తిరిగి ఒకటి నుంచి పది దాకా ఒక్కొక్కటీ నా కళ్ళతో చూసి, వాచీ పెట్టి కొలిచి, అచ్చుకు ముందు వచ్చే ప్రూఫు చివరి పేజీ మూలన సరిచూశాను అని రాసి పొడి సంతకం పెడతాను, ఆ మూల నా సంతకం లేకపోతే అవతలి ఒడ్డున ప్రెస్సువాడు మిషను మీదికి కాగితం ఎక్కించడు, దీవిలో చూడవలసినవి, చేయవలసినవి పది, ఇదీ మా కరపత్రం పేరు, సెలవులకు లాంచీ దిగిన ప్రతి మనిషి చేతిలోనూ ఇదే ఉంటుంది, ఒకటి లైట్‌హౌస్, మేనేజరు పంపిన ప్రూఫులో దాని ముందు మంత్రముగ్ధుల్ని చేసే అని తగిలించారు, కొట్టేశాను, ఎవర్ని చేసిందట, పైకెక్కిన వాళ్ళు ముందు మోకాళ్ళు పట్టుకుని కూలబడతారు, తర్వాత నీళ్ళడుగుతారు, పైన కుళాయి లేదు, నీళ్ళు వెంట తెచ్చుకోండి అని రాశాను, అది ఎవరికైనా పనికొచ్చే మాట, రెండు గవ్వల ఒడ్డు, గవ్వలు ఏరుకోవచ్చు, పగడపు ముక్క ఏరితే జరిమానా, మూడు సైకిలు అద్దెకు తీసుకుని తీరం వెంట తిరగడం, బయల్దేరే ముందు బ్రేకులు చూసుకోండి అని రాస్తే సైకిళ్ళ షాపాయన నాతో ఏడాది మాట్లాడలేదు, మాట్లాడకపోతే మానె, బ్రేకులు మాత్రం వేయించాడు, పదోది పొద్దు గుంకడం చూడటం, ఆ వేళ క్యాలెండరులో ఉంటుంది, దాన్ని తప్పు రాయడం ఎవరి వల్లా కాదు, పదో దాని వేళ తప్పు రాయలేను, ఏడోది గుహ, దాని వేళ తప్పు రాయగలిగాను, ఇదిగో మళ్ళీ ఏడు, పొద్దున్నుంచీ ఎటు తిరిగినా అక్కడికే వస్తున్నాను, జేబులో ఫోను మోగుతోంది, మేనేజరే.

మేడమ్ ఎంతవరకొచ్చింది, మూడింటి లాంచీకి ప్రూఫు ఎక్కించాలి, ప్రెస్సువాడు కాచుక్కూర్చున్నాడు, లైట్‌హౌస్ మీదున్నాను సార్, అబ్బా మీరింకా ఎక్కుతున్నారా మేడమ్, దాని మెట్లు ఎవరెత్తుకుపోతారు, నవ్వుతున్నాడు, నవ్వనిచ్చాను, సార్ ఏడోది మళ్ళీ ఎందుకు వచ్చింది, మూడేళ్ళుగా దాని జాగాలో అడుగున అద్దమున్న పడవ షికారు వేస్తున్నాం కదా, గుహ దగ్గర ఇనప మెట్లు కట్టారు మేడమ్, హోటలువాళ్ళు రోజూ ఫోను చేస్తున్నారు, దీవికొచ్చి గుహ చూడకపోతే ఇంకేం చూసినట్టు, మరి వేళ సంగతేంటి సార్, పాత వాక్యమే పెట్టాం, మీరు రాసిందే, ఎంక్వైరీలో సరైనదేనని మీరే చెప్పారు కదా, మళ్ళీ కొత్తగా రాయడం దేనికి, సంతకం పెట్టి పంపించెయ్యండి, ఫోను పెట్టేశాడు, తప్పేం అన్నాడు పాపం, నేను రాసిందే, రేవు బోర్డు మీద రాసిన ఆటు వేళకు గంట ముందు నుంచి గంట తర్వాత వరకు గుహలో తిరగవచ్చు, అచ్చుతప్పు ఒక్కటి లేదు, కామా కూడా ఉండాల్సిన చోటే ఉంది.

గుహకు పోవాలంటే పడమటి దారి పట్టాలి, గంటకు తక్కువ నడక కాదు, ఇవాళ రేవు బోర్డు మీద తమ్ముడి చేతిరాతలో పన్నెండూ నలభై అని ఉంది, పొద్దున చూసే బయల్దేరాను, సముద్రం ఎంత వెనక్కు పోవాలో అంతా పోయి మళ్ళీ ముందుకు తిరిగే వేళ అది, రేవులో, రేవులో మాత్రమే, ఈ మాటే నేను అప్పుడు వదిలేసింది, రేవు తూర్పున, గుహ పడమట, నడుమ దీవి అంతా ఉంది, నీళ్ళు రెండు వైపులా ఒక్కసారే తిరగాలని ఎవరు చెప్పారు నాకు, ఎవరూ చెప్పలేదు, తిరగవని చెప్పినవాడు మాత్రం ఒకడున్నాడు, మూడేళ్ళ కిందట ఆ రాత్రి నేను ఈ వాక్యం టైపు చేస్తుంటే కంచం ముందు కూర్చుని, అక్కా, పడమటి వైపు నీళ్ళు ముందే తిరుగుతాయి, రాశావా అన్నాడు, ఊఁ అన్నాను, ఊఁ అనడం రాయడం కాదు, నన్ను ఊళ్ళో కొలతమ్మ అంటారు, ఆ కొలతమ్మ గుహ కరపత్రంలో ఉన్నన్నాళ్ళూ ప్రతి ఏడూ అక్కడికి వెళ్ళింది, సరిగ్గా బోర్డు మీది వేళకే వెళ్ళింది, ఇసుక బయటే ఉంది, టిక్కు పెట్టింది, నీళ్ళు తిరిగేదాకా మాత్రం ఒక్కసారీ కూర్చోలేదు, పది చోట్లు ఒక్క రోజులో తిరగాలి కదా, అదీ నా పద్ధతి, మెట్లు లెక్కపెట్టడానికి తీరిక ఉంది, నీళ్ళ కోసం ఒక గంట కూర్చోవడానికి లేదు.

ఆ సెలవుల్లోనే లాంచీ దిగిన బడిపంతులూ ఆయన భార్యా గుహలోకి రాళ్ళ మీదుగా నడిచే వెళ్ళారు, చేతిలో కరపత్రం ఉంది, బోర్డు వేళ దాటి నలభై నిమిషాలే అయింది, కాగితం ప్రకారం ఇంకా ఇరవై నిమిషాలుంది, గుహ ప్రకారం నీళ్ళు తిరిగి గంటన్నర, తమ్ముడు వల తీసి వస్తూ చూశాడు, పడవ మీంచి అరిచాడట, సార్ బయటికి రండి అని, బడిపంతులు కాగితం ఎత్తి చూపించాడట, ఇంకా టైముందయ్యా అని, కాగితాన్ని నమ్మాడు, నమ్మించేలాగే రాశాను, రెండు నిమిషాల తర్వాత ఆ కాగితం నీళ్ళ మీద తేలుతోంది, తమ్ముడు పడవను గుహలోకి పోనిచ్చాడు, ఇద్దర్నీ పడవలోకి లాగాడు, తిరిగి వచ్చేటప్పుడు అల పడవను రాతికేసి కొట్టింది, నడుమ వాడి మోకాలు, నా మోకాళ్ళు నూట నలభై మూడు మెట్లకు నొప్పి అంటున్నాయి, సిగ్గులేని మోకాళ్ళు.

ఆఫీసు పైగదిలో ఎంక్వైరీ, బల్ల వెనక మూడు కుర్చీలు, ఫ్యాను తిరిగినప్పుడల్లా కిర్రుమంటోంది, తమ్ముడు కర్ర పట్టుకుని నిలబడ్డాడు, ఎవరూ కూర్చోమనలేదు, ఆఫీసరు కరపత్రం నా ముందు పెట్టి, ఇందులో వేళ సరైనదేనా అన్నాడు, రేవు బోర్డు ప్రకారం సరైనదే సార్ అన్నాను, ఐదు మాటలు, విడివిడిగా చూస్తే ఒక్కటీ అబద్ధం కాదు, కలిపితే నిజం కాదు, వేళ సరైనదైతే నీళ్ళెలా వచ్చాయి, పడవవాడే వేళ దాటాక మనుషుల్ని గుహలోకి తీసుకెళ్ళి ఉండాలి అని రాసుకున్నాడు, బడిపంతుల్ని అడగండి సార్ అన్నాడు తమ్ముడు, వాళ్ళు అప్పటికే లాంచీ ఎక్కి వెళ్ళిపోయారు, పడవ అన్నకు కృతజ్ఞతలు అని తర్వాత ఒక కార్డు వచ్చింది, తమ్ముడి పడవ లైసెన్సు రద్దయిన వారానికి వచ్చింది, తమ్ముడు నా వైపు చూశాడు ఆ రోజు, ఒక్కసారే, తర్వాత ఫ్యాను వైపు చూశాడు, అప్పటినుంచీ ఒక్క మాట అడగలేదు, అడిగి ఉంటే పోట్లాడేదాన్ని, పోట్లాటలో ఎక్కడో ఒకచోట నోరు జారి నిజం వచ్చేసేది, వాడు అడగలేదు, మరదలూ అడగలేదు, అంతవరకు నన్ను వదినా అనేది, ఆ మర్నాటి నుంచి వదినగారూ అంటోంది, ఒక్క గారు తగిలించి గుమ్మం బయట నిలబెట్టింది.

ఇనప మెట్లు ముప్పై ఆరు, రాసుకున్నాను, రంగు ఆరలేదు, చేతికంటుకుంది, గుహ ముందు ఇసుక ఉంది, ఇవాళ టిక్కు పెట్టను, కూర్చుంటాను, రేవులో తమ్ముడి దగ్గర తీసుకున్న సుద్దముక్క ఉంది, నీళ్ళు తగిలేచోట రాతి మీద గీత గీస్తాను, పదకొండూ నలభైకి ఒక గీత, పదకొండూ నలభై ఐదుకు దానికింకా కింద ఒక గీత, యాభైకి గీత అక్కడే, కదల్లేదు, సముద్రం ఊపిరి బిగబట్టినట్టుంది, ఇదిగో ఇలాంటి మాటలే కొట్టేయాలి, సముద్రం ఏమీ బిగబట్టలేదు, నీళ్ళు ఆగాయి, అంతే, యాభై ఐదుకు కింది గీత తడిసింది, పన్నెండుకు చెరిగిపోయింది, ఇంకా బోర్డు వేళకు నలభై నిమిషాలుంది, ఈ క్షణాన రేవులో లాంచీ దిగినవాడు బోర్డు చూసి ఇంకా బోలెడు టైముంది అనుకుంటాడు, యాభై నిమిషాలు, ఈ యాభై నిమిషాలు తెలుసుకోవడానికి ఇరవై నిమిషాలు కూర్చుంటే సరిపోయింది, ఇరవై రెండేళ్ళలో ఇరవై నిమిషాలు, పైన హోటలు కాపలాదారు కేకేస్తున్నాడు, అమ్మా అక్కడ గీతలు గీయకూడదు, కొత్తగా కడిగించాం, గీస్తాను నాయనా, ఏం చేస్తావో చెయ్యి, ఎలాగూ పది నిమిషాల్లో సముద్రమే కడిగేస్తుంది, ఏంటమ్మా ఆ మాటలు, మేనేజరుకు చెప్తాను, చెప్పు, నేనూ చెప్పబోతున్నాను, ఇద్దరం కలిసే చెబుదాం.

కాళ్ళు వాటంతటవే రేవు వైపు నడుస్తున్నాయి, ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది, ఆ మాట గుర్తుకొచ్చింది, రానీ, మూడేళ్ళుగా అదే మాట పొద్దున్నే లేవగానే నాకు టీ ఇస్తోంది, నాలుగేళ్ళు ఉంటే ఏం చేస్తాను, ఇంకో నాలుగుసార్లు మెట్లు లెక్కపెడతాను, సంతకం పెట్టకుండా ప్రూఫు తిప్పి పంపితే చాలు కదా, ఒంట్లో బాగాలేదని చెబితే సరి, అప్పుడు వేరే ఎవరో పెడతారు, వాక్యం అలాగే అచ్చవుతుంది, ఏడోది కొట్టేసినా చాలదు, కొట్టేసే మూడేళ్ళు గడిపాను, కొట్టేసిన చోట తెల్లగా ఉంటుంది, తెల్లకాగితం ఎవరినీ వెనక్కు పిలవదు, ఎవరి లైసెన్సూ తిరిగి ఇవ్వదు.

టికెట్ కిటికీ వెనక తమ్ముడు కర్ర గోడకానించి కూర్చున్నాడు, ఏం కొలతమ్మా, మెట్లు సరిపోయాయా అన్నాడు, సరిపోయాయిరా, ఒకటి తగ్గితే పోలీసులకు చెప్పేదానివి అన్నాడు, పడవ పోయాక వాణ్ణి లోపల కూర్చోబెట్టి ఈ ఉద్యోగం ఇచ్చారు, టికెట్లు చింపడం, రోజూ పొద్దున బోర్డు మీద ఆటు వేళ రాయడం, రేవు వేళ ఒక్కటే రాయాలి, అది రూలు, మూడేళ్ళుగా వాడు తన చేత్తో ఆ వేళ రాస్తున్నాడు, అది గుహ దగ్గర చెల్లదని దీవిలో అందరికంటే బాగా తెలిసినవాడు, ఆ సుద్ద నా జేబులో ఉంది, గుహకు వెళ్ళి కూర్చున్నానురా, అన్నాను, వాడు టికెట్లు సర్దడం ఆపలేదు, పదకొండూ యాభైకి తిరిగాయి, అన్నాను, వాడి చెయ్యి ఆగింది, యాభై కాదు, నలభై ఎనిమిది, నువ్వు ఐదు నిమిషాలకోసారి చూసుంటావు, నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను అన్నాడు, నవ్వాడు, మూడేళ్ళ తర్వాత ఈ విషయం మీద వాడు నాతో అన్న మొదటి మాట రెండు నిమిషాల దిద్దుబాటు.

ప్రూఫు తీసి కిటికీ చెక్క మీద పరిచాను, వాడు తలకిందులుగా చదివాడు, అక్కా, నువ్వు దీన్ని ముట్టుకుంటే ఎంక్వైరీ కాగితాలు కూడా బయటికి తీస్తారు, తీయనీ, నువ్వప్పుడు ఎందుకలా చెప్పావని అడుగుతారు, అడగాలి, మూడేళ్ళ కిందటే అడగాల్సింది, నాలుగేళ్ళ సర్వీసుంది నీకు, నాకు కూర్చునే పని దొరికింది, నీకు అదీ దొరకదు, దొరక్కపోతే నీ పక్కన కూర్చుంటాను, టికెట్లు నువ్వు చింపు, నేను లెక్కపెడతాను, బాబోయ్ వద్దు అన్నాడు, అప్పుడే మరదలు క్యారియర్ పట్టుకుని వచ్చింది, కాగితం చూసింది, మొగుడి మొహం చూసింది, నా చేతిలో ఎర్ర పెన్ను చూసింది, ఏం జరుగుతోంది వదినగారూ అంది, ఆ గారు అక్కడే ఉంది, ఉండనీ, దాన్ని తీయించుకోవడానికి నేను రాయడం లేదు.

లాంచీ మొదటి కూత వేసింది, ఏడో నంబరు కింద పాత వాక్యం మీద గీత కొట్టాను, ఈ చివర్నుంచి ఆ చివరికి, గుహ, అని రాశాను, రేవు బోర్డు మీది వేళలోంచి యాభై రెండు నిమిషాలు తీసేసి, దానికి గంట ముందు వెళ్ళండి, ఆ వేళకల్లా బయటికి వచ్చేయండి, మూడేళ్ళ కిందటి కరపత్రంలో ఈ వేళ తప్పుగా అచ్చయింది, ఆ రోజు గుహలోకి వెళ్ళిన పడవ మనుషుల్ని బయటికి తేవడానికి వెళ్ళింది, తప్పు పడవవాడిది కాదు, ఈ ఆఫీసుది, ఒకసారి చదువుకున్నాను, మేనేజరు ప్రెస్సుకు ఫోను చేసి దీన్ని తీయించగలడు, తీయిస్తాడు కూడా, తీయించనీ, జేబులోంచి సుద్ద తీసి బోర్డు దగ్గరికి వెళ్ళాను, తమ్ముడి పన్నెండూ నలభై కింద గుహ దగ్గర పదకొండూ నలభై ఎనిమిది అని రాశాను, లాంచీ కోసం నిలబడ్డ వాళ్ళు నలుగురు చదివారు, ఒకాయన తన కరపత్రం తీసి వెనక రాసుకున్నాడు, రూలు రూలు అని లోపల్నుంచి తమ్ముడు అరుస్తున్నాడు, నవ్వుతూ అరుస్తున్నాడు, రేపు పొద్దున వాడు రెండు వరసలూ రాస్తాడు, రాయకపోతే నేను రాస్తాను, రెండో కూత, ప్రూఫు మడవబోయి మళ్ళీ చూశాను, ఏదో ఒకటి ఎక్కువగా ఉంది ఇందులో, ఇరవై రెండేళ్ళుగా కాగితాల్లో ఎక్కువైన మాట ఎక్కడుందో నా కంటికి తెలుస్తుంది, ఇందులో విశేషణం ఒక్కటీ లేదు, అయినా ఎవరో దాక్కున్నారు, చివరి వాక్యంలో, ఆఫీసు అన్న మాట వెనక, అది కూడా రేవు బోర్డు ప్రకారం లాంటి మాటే, ఆఫీసు టైపు చేయలేదు, ఆఫీసు ఊఁ అనలేదు, ఆఫీసు ఆ పైగదిలో ఐదు మాటలు చెప్పలేదు, ఈ ఆఫీసుది అన్న రెండు మాటలు కొట్టేసి పైన నాది అని రాశాను, కింద పొడి అక్షరాలు కాదు, ఇంటిపేరుతో సహా మొత్తం పేరు రాసి లాంచీవాడి చేతికిచ్చాను.