కట్టు లేని కన్ను

మా పాలకొల్లులో కట్టు లేనిదే రోగం లేదు. కాలికి పిండికట్టు ఉంటే కాలు విరిగినట్టు, తలకి గుడ్డ చుట్టుకుంటే జ్వరం, కంటి ముందు ఆకుపచ్చ గుడ్డ వేలాడితే శుక్లాల ఆపరేషను. అలాంటిదేదో కనబడితే వీధివీధంతా పలకరింపుకి వస్తుంది, హార్లిక్స్ సీసా, రొట్టె ప్యాకెట్టు, అరడజను బత్తాయిలు పట్టుకుని. ఏమీ కనబడకపోతే మనిషి దుక్కలా ఉన్నట్టే. ఇది తప్పని నేననను. ఊరు చూసిందే నమ్ముతుంది.

ఎదురింటి వెంకటరత్నంగారికి శుక్లం తీసినప్పుడు వారం రోజులు తల కదలకుండా ఇసక సంచుల మధ్య పడుకోబెట్టారు. ఇంటికొచ్చాక నలభై రోజులు నల్లద్దాలు. ఆయన తలకి పోసుకున్న రోజు వీధిలో అందరికీ గుర్తే. 1986లో మా ఆయన కుడికంట్లో నాలుగు వందల చోట్ల కాల్చారు. ఆయన సాయంత్రం బస్సుకి ఇంటికొచ్చి, వీధరుగు మీద కూర్చుని పేపరు పట్టుకున్నారు. చదివారని అనను, పట్టుకున్నారు. ఒక్క పురుగుకి కూడా తెలియలేదు. ఆయన ఆ వైద్యానికి ఒప్పుకున్నదే అందుకు.

మా ఆయన జోగేశ్వరరావు ధాన్యం బ్రోకరు. రైతుకీ మిల్లుకీ మధ్య మాట ఆయనది. బస్తాలోంచి గుప్పెడు ధాన్యం తీసి, అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊదేసి, ఆ బియ్యాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసేవారు. నూక ఎంత పడుతుందో, మసూరిలో వేరే రకం ఎంత కలిసిందో చెప్పేవారు. ఆయన చెప్పాక మళ్లీ మాట ఉండేది కాదు. ముప్ఫై ఏళ్లు ఆ అరచెయ్యే మాకు అన్నం పెట్టిందని ఊళ్లో అంటారు. చెయ్యి కాదు, పెట్టింది కన్ను.

ఆ కన్ను తగ్గిందని నాకు ముక్కుపుడక వల్ల తెలిసింది. 84 శ్రావణంలో నా ముక్కుపుడకలో తెల్లరాయి రాలిపోయింది. వీధిలో ఆడవాళ్లందరూ ఆ పూటే అడిగారు. ఆయన కూడా అడిగాక బిగించుకుందాంలే అని ఊరుకున్నాను. ఆయన అడగలేదు. కార్తీకం వెళ్లింది, ఉగాది వెళ్లింది. నాది మొండితనమే, కాదనను, ఆ ఖాళీ గుంటతోనే తిరిగాను. అప్పటినుంచి ఆయన బియ్యం ఎలా చూస్తున్నారో గమనించడం మొదలుపెట్టాను. చూడటం లేదు. మునివేళ్లతో తడిమి, నాలుగు గింజలు పంటికింద కొరికి చెబుతున్నారు. షుగరుందని ఏడేళ్ల కిందటే ఒక డాక్టరు చెబితే, ఈయన ఆ మాట ఆ డాక్టరు దగ్గరే వదిలేసి వచ్చారు.

నేను నిలదీస్తే తలుపు దగ్గరికేసి చెప్పారు. "జోగేశ్వరరావుకి కళ్లు ఆనడం లేదని ఒక్కడికి తెలిస్తే చాలు, మన గుమ్మం తొక్కేవాడుండడు. నువ్వు నోరు మూసుకో."

నోరు మూసుకునే రాజమండ్రి తీసుకెళ్లాను. అక్కడ రామతులసిగారని ఒక కంటి డాక్టరు, మద్రాసులో చదువుకొచ్చి, లేజరు మెషిను పెట్టారని విన్నాను. ముప్ఫై అయిదేళ్లుంటాయేమో. కళ్లలో చుక్కలు వేసి, లైటు పెట్టి చాలాసేపు చూసి, మెత్తగానే చెప్పారు.

"షుగరు వల్ల కంటి లోపల రక్తనాళాలు కారుతున్నాయండి. కుడివైపు ఎక్కువ, ఎడమవైపు తక్కువ. లేజరుతో కాల్చి ఆపుతాను. కొయ్యడం, కుట్టడం ఏమీ ఉండవు. కానీ ఒకటి ముందే చెబుతున్నాను, ఇది కొత్త చూపు ఇవ్వదండి. ఉన్నది పోకుండా ఆపుతుంది, అంతే."

"కట్టు కడతారా అండి?" మా ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇదీ.

"అక్కర్లేదండి."

"నల్లద్దాలో?"

"ఆ పూట ఎండ తగలకుండా చూసుకుంటే చాలు."

"అయితే కానివ్వండి."

ఆవిడ ఇంకో రెండు మాటలు చెప్పారు. తీపి ముట్టుకోకూడదు. ఊపిరి బిగబట్టి బరువులెత్తకూడదు, ఎత్తితే జుట్టు పోగుల్లాంటి ఆ నాళాలు చిట్లి కంట్లోకి రక్తం దిగుతుంది. ఆయన శ్రద్ధగా తలూపారు. కట్టు లేదన్న సంతోషంలో ఎంత విన్నారో నాకు అనుమానమే.

చీకటి గది. గడ్డం ఒక దిమ్మ మీద ఆనించి, నుదుటికి పట్టీ వేసి, కంటి మీద చిన్న గాజుబిళ్ల పెట్టారు. నన్ను మూల స్టూలు మీద కూర్చోనిచ్చారు. డాక్టరుగారు కాలితో మీట నొక్కినప్పుడల్లా టక్కుమని చప్పుడు, గోడ మీద ఆకుపచ్చ మెరుపు. నేను లెక్కపెట్టడం మొదలెట్టి వంద దగ్గర మానేశాను. రక్తపు బొట్టు లేదు, "అబ్బా" అన్నమాట లేదు. కుంపటి మీద అప్పడం కాల్చినంత హడావిడి కూడా లేదు.

"గోదారి గట్టుకి బుంగ పడితే మట్టి కొట్టి పూడుస్తారు చూడు, అలాంటిదన్నమాట" అన్నారు మా ఆయన తిరుగు బస్సులో. "పూడిస్తే పంట పెరగదు. గట్టు తెగకుండా ఉంటుంది."

అర్థం చేసుకోవడంలో ఆయనకి ఎప్పుడూ లోటు లేదు.

నెలనెలా రాజమండ్రి ఎందుకెళ్తున్నారని వీధి అడుగుతుంది కదా. పట్టిసీమ వీరభద్రుడికి మొక్కుందని చెప్పారు. గోదారి మధ్య గుడి, పడవెక్కాలి, రోజంతా పడుతుంది, అబద్ధానికి అన్ని విధాలా అనుకూలం. వచ్చేటప్పుడు బస్టాండులో అరటిపళ్లు, కుంకం కొనుక్కొచ్చి ప్రసాదమని పంచాను. అందరూ కళ్లకద్దుకుని తిన్నారు. నాకు సిగ్గేసింది.

కుడికంటికి రెండు సిట్టింగులయ్యాయి. ఎడమది ఇంకా మొదలవలేదు. ఆ మధ్యలో మిల్లు యజమాని అప్పాజీగారు కొత్త ఇల్లు కడుతూ, సింహద్వారం నిలబెట్టే ముహూర్తానికి రమ్మన్నారు. మా ఆయన చూపించిన ధాన్యంలో సగం ఆ మిల్లుకే పోయేది. టేకు ద్వారబంధం, ఆరుగురు పట్టాల్సిన బరువు. కావలసినవాళ్లంతా తలో చెయ్యి వేసి దాన్ని లేపడం మా వైపు మర్యాద.

"రండి జోగేశ్వరరావుగారూ, మీ చెయ్యి మంచిదండి. మీరు పట్టకుండా లేపమంటారా ఏంటి?" అన్నారు అప్పాజీగారు.

చిటికెన వేలికి గుడ్డపీలిక చుట్టి ఉన్నా ఆ మనిషి పిలిచేవారు కాదు. పక్కనే వెంకటరత్నంగారు ముందుకొస్తే, "కన్ను ఆపరేషనైన మనిషి, మీరొద్దండి" అని కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆ ఆపరేషనై అయిదేళ్లు! మా ఆయన నావైపు చూడకుండా కండువా నడుముకి బిగించారు. "ఏవండీ" అన్నాను. వినబడింది, వినలేదు. ఊపిరి బిగబట్టి ఎత్తారు. ద్వారబంధం నిలబడింది, ఆడవాళ్లం పసుపు రాశాం. తర్వాత పూర్ణాలు వడ్డించారు. వద్దంటే ఎందుకని అడుగుతారు, అందుకని నాలుగు తిన్నారు, నెయ్యి వేయించుకుని మరీ.

మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెతుంది. అది ఇక్కడ రాయను.

మర్నాడు పొద్దున్న పళ్లు తోముకుంటూ, "కిటికీకి బూజు పట్టింది, దులపవే" అన్నారు. కిటికీ శుభ్రంగానే ఉంది. మధ్యాహ్నానికి ఆ బూజు ఎర్రబడింది. పొద్దుగూకేసరికి కుడికంటికి వెలుగో చీకటో తప్ప ఇంకేం తెలియలేదు.

రామతులసిగారు లైటు పెట్టి చూశారు.

"బరువేమైనా ఎత్తారా?"

"లేదండి" అన్నారు ఆయన.

"ఎత్తారండి" అన్నాను నేను.

"రక్తం దానంతటది ఇంకుతుందేమో కొన్నాళ్లు చూద్దాం. నాకు ఆశ తక్కువండి. ఇక మీకు మిగిలింది ఎడమకన్ను. ఈవేళే మొదలెడదాం. ఇలాంటిది ఇంకోసారి జరిగితే నేను చెయ్యగలిగిందేం ఉండదు."

నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఆయన మీద కొంత, అప్పాజీగారి మీద కొంత, మిగతాదంతా ఆ ఆకుపచ్చ లైటు మీద. నాలుగేసి వందల చోట్ల కాల్చి ఒక్క గుర్తయినా పెట్టకుండా వదిలేసినందుకు. కొయ్యకుండా, కుట్టకుండా చేసే వైద్యం గొప్పదే. పాలకొల్లులో బతకాల్సిన మనిషికి మాత్రం అది చాలదు.

ఎడమకంటికి సిట్టింగయ్యాక ఆయన వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. చుక్కల మందుకి ఆ కన్ను మసకబారింది, కుడిది ఎలాగూ లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరో వచ్చి తీసుకెళ్లాల్సిన మనిషిలా ఉన్నారు. నేను కిందికెళ్లి మందుల షాపులో దూది, గాజుగుడ్డ, ప్లాస్టరు కొనుక్కొచ్చాను. "డాక్టరుగారు కట్టమన్నారు" అని, పోయిన కుడికంటికి, సగం బుగ్గ కప్పేలా కట్టాను.

"ఈమాటు కట్టెందుకట?"

"నాకేం తెలుసు? చదువుకున్నావిడ, చెప్పింది."

బస్సెక్కగానే ముగ్గురు లేచి సీటిచ్చారు. పాలకొల్లులో దిగిన గంటలో వీధి మా అరుగు మీద ఉంది. షుగరని, కన్నని, బరువెత్తకూడదని అంతా చెప్పేశాను. వచ్చిన హార్లిక్స్ సీసాలు పక్కింటి పిల్లలకిచ్చేశాను. అప్పాజీగారు కట్టు చూసి నిజంగానే నీళ్లు పెట్టుకున్నారు. "ఒక్కమాట చెప్పొద్దేంటండీ! నేనే పిలిచి మరీ ఎత్తించానే!" మా ఆయన బిగుసుకుపోయి కూర్చున్నారు. ఆ రోజు నుంచి పాలకొల్లులో ఏ ఇంట్లోనూ ఆయన విస్తట్లో తీపి పడలేదు. కుర్చీ జరపడానికి కూడా ఆయన్ని ఎవరూ పిలవలేదు.

పిలవకపోవడం అక్కడితో ఆగలేదు. శాంపిళ్లు తెచ్చేవాళ్లూ తగ్గారు. సగంమంది రైతులు బుల్లిరాజనే మరో బ్రోకరు దగ్గరికి పోయారు. ఆయన భయపడిందే జరిగింది, నా చేతుల మీదుగా జరిగింది. అది దాచను.

రెండో సిట్టింగుకి వెళ్తే రామతులసిగారు, "ఈ కట్టేంటండి? ఎవరు కట్టారు?" అన్నారు.

ఆయన నావైపు తిరిగారు. సిట్టింగు చేయించుకుని, బస్సెక్కి, సిద్ధాంతం బ్రిడ్జి మీద కట్టు విప్పి కిటికీలోంచి వసిష్ఠ గోదారిలోకి విసిరేశారు. అక్కణ్నుంచి పదహారు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నారు. రెండుసార్లు కూరలో కావాలనే ఉప్పు మానేశాను, అలాగే తిన్నారు. ఆ మధ్యలో ఒకసారి పరీక్షకి కూడా వెళ్లొచ్చాం, మాటల్లేకుండానే. ఎడమకన్ను గోడ మీది అక్షరాల్లో ఆరో వరుస దాకా చదివింది. మొదటి రోజు చదివిందీ ఆరో వరుసే. "నిలబడిందండి. ఇక మీ చేతుల్లో ఉంది" అన్నారు రామతులసిగారు.

పదిహేడో రోజు పక్కూళ్లో చిన్నబ్బాయిగారింట్లో పెళ్లి. మా ఆయన్ని వదలకుండా ఇంకా శాంపిళ్లు తెస్తున్న రైతుల్లో ఆయనొకరు. ఆయన చుట్టాలకి మా సంగతేమీ తెలియదు, పిలిచి పిలిచి వడ్డించే రకం. మా ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మంచం పట్టె మీద కూర్చున్నారు.

"ఆ దూదెక్కడ పెట్టావు?"

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆయన అప్పటికే మొహం పైకెత్తి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

"అక్కడ కాజాలు వేస్తారు" అన్నారు. "ఎదురుగా నిలబడి వెయ్యనా అంటే నేను వద్దనలేను. నా సంగతి నీకు తెలుసు కదా."

దూది పెట్టి, గాజుగుడ్డ తల చుట్టూ తిప్పడానికి వంగాను. జానెడు దూరంలో ఎడమకన్ను తెరుచుకుని ఉంది. పగటి వెలుగులో మేమిద్దరం అంత దగ్గరగా ఎప్పుడు ఉన్నామో నాకు గుర్తులేదు.

"ముక్కుపుడకలో రాయేదే?"

నా చెయ్యి ఆగిపోయింది.

"రాలిపోయి రెండేళ్లయిందండి."

"రెండేళ్లా! మరి చెప్పలేదేంటి?"

"మీరు చెప్పారా?"

ఆయన ఆ ఖాళీ గుంట మీంచి చూపు తియ్యలేదు. అరచేతిలో బియ్యాన్ని ఎలా చూసేవారో అలా చూశారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగి ముడి కనబడలేదు, తడుముకుంటూ వేశాను.

"రేపు కంసాలి దగ్గరికి వెళ్దాం" అన్నారు. "రాయి నేను చూసి ఎంచుతాను."