పిరికి గంట

మా ముగ్గురి కొండయాత్రకు ఒక దరిద్రపు ఆచారం ఉంది. ప్రతి చలికాలం మా బావ, బావ చిన్ననాటి స్నేహితుడు డ్రిల్లు మాస్టారు, నేను కలిసి మంచుకొండ ఎక్కుతాం. దారిలో "వెనక్కి పోదాం" అనే మాట ముందుగా ఎవరి నోట వస్తుందో, వాళ్ళకు పిరికి గంట. ఇత్తడిది, నిమ్మకాయంత ఉంటుంది. మళ్ళీ చలికాలం దాకా దాన్ని నలుగురికీ కనబడేచోట వేలాడదీసుకోవాలి. ఈ ఆచారం మాస్టారు పెట్టిందే. మేమూ పళ్ళికిలించి ఒప్పుకున్నాం.

పోయినసారి గంట బావకు పడింది. బావ గడియారాలు బాగుచేస్తాడు. గంటను దుకాణం తలుపుకు కట్టాడు. తలుపు తోసుకొచ్చిన ప్రతివాళ్ళూ అదేమిటని అడగడం, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మా అక్క, తన మొగుడి పిరికితనాన్ని కథలు కథలుగా చెప్పి పొట్ట చెక్కలయ్యేలా నవ్వడం. బావ కంటికి భూతద్దం బిగించుకుని, తల ఎత్తేవాడు కాదు. నేను మాత్రం తక్కువ తిన్నానా? బస్సు కండక్టర్ని, నోరు ఊరుకోదు. వెళ్ళినప్పుడల్లా ఆ గంట మోగించి "రైట్ రైట్!" అని అరిచేదాన్ని.

ఈసారి బయల్దేరిన పొద్దున ఆకాశం బాగానే ఉంది. శిఖరం కింది వాలు ఎక్కుతుండగా గాలి తిరిగింది. మంచు పైనుంచి పడటం మానేసి పక్కనుంచి కొట్టడం మొదలుపెట్టింది. ముందు మాస్టారు, మధ్యలో బావ, చివర నేను, ముగ్గురం ఒకే తాడుకు. చూస్తుండగానే మాస్టారు కనబడకుండా పోయారు. బావ వీపు ఒక్కటే మిగిలింది. నాకు దిగిపోదామనిపించింది. అయినా నోరు మెదపలేదు. ఇంకాస్త చూద్దాంలే అనుకున్నాను.

అంతలో తాడు ఆగింది. పైకి చేరి చూస్తే, మాస్టారి బూటు కింద కట్టుకున్న ఇనప పళ్ళ చట్రం వదులైంది. దాని మర ఊడొస్తోంది. చట్రం పోతే ఆ వాలు మీద మనిషి పోయినట్టే. బావ మోకాళ్ళ మీద కూలబడి, కుడిచేతి గ్లౌజును పళ్ళతో పట్టి లాగేశాడు.

"అయ్యో, గ్లౌజు తీయకు బావా!" అని అరిచాను.

"వేలికి తగలకపోతే మర బిగిసిందో లేదో ఎలా తెలుస్తుందే?" అన్నాడు.

దుకాణంలోనూ అంతే. ఎంత చలిలోనైనా ఆ వేళ్ళకు గుడ్డముక్క తగలనివ్వడు. మర బిగించాక లేచి, చెయ్యి కోటు జేబులో పెట్టుకుని "పదండి" అన్నాడు.

కాసేపటికి నాకు అనుమానం వచ్చింది. కర్రను ఎడమచేత్తో పొడుస్తున్నాడు. ఎడమచేత్తో చెంచా కూడా సరిగ్గా పట్టుకోలేని మనిషి! ఒక బండ చాటున ఆగినప్పుడు ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చాను. ఎడమచెయ్యే చాచాడు. సగం టీ ఒలికిపోయింది.

"కుడిచెయ్యి తియ్యి."

"వెచ్చగా ఉందిలే."

"తియ్యి బావా. నాకసలే ఒళ్ళు మండుతోంది."

తీయలేదు. నేనే మణికట్టు పట్టుకుని లాగాను. గ్లౌజు లేదు. వేళ్ళు కొవ్వొత్తుల్లా తెల్లగా, గట్టిగా ఉన్నాయి. గోటితో నొక్కి నొప్పిగా ఉందా అంటే తల అడ్డంగా ఊపాడు. గ్లౌజు ఏదంటే, మర బిగిస్తుంటే గాలికి ఎగిరిపోయిందన్నాడు. ఇంతసేపూ ఒక్క ముక్క చెప్పలేదు.

"వెనక్కి పోదాం!" బస్సులో ఆఖరి సీటుకు వినబడేలా అరిచాను. "పిరికిదాన్ని నేనే. ఆ గంట నా మెడకే కట్టండి. ముందు దిగండి!"

"అదిగో శిఖరం, ఇంత దూరం వచ్చాక..." మాస్టారు నసిగారు.

"మీ శిఖరం తగలెయ్య! ఈ వేళ్ళు ఆడితేనే మా అక్క ఇంట్లో పొయ్యి వెలిగేది మాస్టారూ!"

"నాకేం కాలేదు. దాని మాటలు పట్టించుకోకు" అన్నాడు బావ. తర్వాత మాస్టారి వైపు తిరిగి, "పోదామని నేననలేదురా. నేను మాత్రం అనలేదు" అన్నాడు.

మాస్టారు బావ చేతికేసి చూశారు. కోటు జిప్పు లాగి, ఆ చేతిని తన చంకలో పెట్టుకుని అదిమేశారు. "ఒరేయ్, గాలి తిరిగినప్పటి నుంచీ నాకూ దిగిపోవాలనే ఉందిరా. నేను పెట్టిన గంటకు నేనే భయపడ్డాను" అని భోరుమన్నారు. నాకు ఏడుపు రాలేదు. ఎవర్నైనా కొట్టాలనిపించింది. ఎవర్ని కొట్టను? నేను మాత్రం నోరెత్తానా?

నేను లోపల వేసుకున్న ఊలు గ్లౌజు తీసి బావకు తొడిగాను. దిగడం ఎక్కడం కన్నా ఘోరమైంది. బావ పడ్డప్పుడల్లా తాడు బిగబట్టి ఆపాం. ఆసుపత్రిలో డాక్టరమ్మ కొన్ని వారాలు చూసింది. చివరికి బొటనవేలు, చూపుడువేలు కొసలు తీసేయక తప్పలేదు.

కట్టు విప్పాక బావ మళ్ళీ దుకాణం తెరిచాడు. ఆ మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. తలుపు గంట మోగింది. అన్ని రోజులూ దాని సంగతే ఎవరికీ పట్టలేదు. వచ్చింది మాస్టారు. శుభ్రంగా నడుస్తున్న తన స్టాప్‌వాచీని రిపేరుకని తెచ్చారు.

ఆయన్ని చూడగానే అక్క బావ మీద మళ్ళీ అందుకుంది. "గ్లౌజు పోయిందని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయేదండీ? ఎందుకనలేదు?"

బావ తలుపుకేసి చూశాడు. గంట ఇంకా ఊగుతోంది. అక్క కూడా అటు చూసింది. లేచి వెళ్ళి గంట విప్పబోయింది. ముడి రాకపోతే పళ్ళతో కొరికి తెంపింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక గుప్పిట్లో పట్టుకునే కూర్చుంది.

బావ వాచీ వెనకమూత తీశాడు. లోపలి మర ఒకటి విప్పి పైకి తీస్తుండగా జారిపోయింది. మాస్టారు, అక్క, నేను నేలమీద పాకుతూ వెతికాం. ఎవరూ ఒక్క జోకు వెయ్యలేదు.

"దొరికిందా?" పైనుంచి అడిగాడు బావ.

నాకే దొరికింది. నువ్వుగింజలో సగం కూడా లేదు. "ఇదిగో బావా" అని లేచాను. అలవాటు కొద్దీ కుడిచెయ్యి చాచాడు. చటుక్కున వెనక్కి తీసుకుని ఎడమచెయ్యి చాచాడు. ఆ చేత్తో చెంచా కూడా సరిగ్గా పట్టలేడు. ఏ చేతిలో పెట్టాలో తెలియక, ఆ మరను నా అరచేతిలోనే ఉంచుకుని నిలబడిపోయాను.