నాలుగో గడి పసుపు

మూడోసారి కూడా ప్రూఫ్ వెనక్కి వచ్చేసరికి రంగుల మాస్టారికి ఒళ్ళు మండింది. ముప్పై నాలుగేళ్ళుగా అదే ప్రెస్సులో ఇంకులు కలుపుతున్నారాయన. సబ్బు కవర్లు, మందుల డబ్బాలు, బడి పుస్తకాల అట్టలు, ఏ రంగు అడిగినా ఇంకు కత్తి మొనతో రెండు చుక్కలు అటూ ఇటూ చేసి తెచ్చి చేతిలో పెట్టేవారు. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు.

ఈసారి వచ్చింది చూడటానికి చిన్న పనే. అరచేతిలో పట్టే కార్డు, దాని మీద ఆరు గడులు, ఆరు రంగులు. పసిపిల్లల మలం రంగులు. పై వరుసలో మూడూ పాలిపోయినవి, జబ్బుకి గుర్తు. కింది వరుసలో మూడూ ఆరోగ్యానివి. పుట్టిన నాటి నుంచి రెండు నెలలు తల్లి రోజూ బిడ్డ డైపర్‌ని కార్డు పక్కన పెట్టి చూసుకోవాలి. పై వరుస రంగు కనపడితే వెంటనే ఫోన్ చెయ్యాలి. పిల్లల ఆసుపత్రిలో కాలేయ జబ్బుల మీద పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ వేయించుకుంటున్న కార్డు అది.

"పసిపిల్లల దొడ్డికి ఇన్ని వంకలు పెట్టే మనిషిని నేనెక్కడా చూళ్ళేదు" అన్నారు మాస్టారు ఓనరుతో.

ఓనరు నవ్వాపుకున్నాడు. మాస్టారి కంటే ఇరవయ్యేళ్ళు చిన్నవాడు. తండ్రి పోయాక ప్రెస్సుతో పాటు మాస్టారు కూడా అతని చేతికి వచ్చారు. "ఆవిడకేం కావాలో మీరే వెళ్ళి కనుక్కోండి మాస్టారూ. నాకు చెబితే నేను మీకు చెప్పేలోగా ఇంకో రంగైపోతోంది."

డాక్టరమ్మ సన్నగా, కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని, ప్రూఫ్‌ని కిటికీ దగ్గర పట్టుకుని నిలబడి ఉంది.

"మీ రంగులు చాలా అందంగా ఉన్నాయి మాస్టారూ. అదే చిక్కు" అంది. "రండి, అసలుది చూపిస్తాను."

వార్డు పక్క గదిలో సిస్టర్ ఒక డైపర్ విప్పి చూపించింది. ఇంటింటికీ తిరిగి తల్లులతో మాట్లాడేదీ, ఈ పరిశోధనకి వివరాలు రాసుకొచ్చేదీ ఆవిడే. మాస్టారు ముక్కు మూసుకోబోయి ఆగిపోయారు. అది తెలుపు కాదు, పసుపూ కాదు. తడి సున్నంలో చిటికెడు బూడిద పడ్డట్టుంది. జీవం లేదు అందులో.

"కాలేయం నుంచి పేగుల్లోకి పైత్యరసం దిగాలి. మలానికి ఆ పసుపు దాని వల్లే వస్తుంది" అని చెప్పింది డాక్టరమ్మ. "ఈ బిడ్డకి ఆ గొట్టం మూసుకుపోయింది. రసం లోపలే నిలిచిపోయి కాలేయాన్ని తినేస్తోంది. రెండు నెలల్లోపు పట్టుకుంటే ఆపరేషన్ చేసి దారి వెయ్యొచ్చు. ఆలస్యమయ్యే కొద్దీ ఫలితం తగ్గిపోతుంది. తల్లులకి కనపడే గుర్తు ఈ రంగొక్కటే. కామెర్లు చాలామంది పిల్లలకి వస్తాయి, పోతాయి, అందుకని ఎవరూ కంగారుపడరు."

"ఈ బిడ్డకి ఎన్నాళ్ళు?"

"తొంభై ఆరు రోజులు" అంది సిస్టర్.

మాస్టారు మళ్ళీ విసుక్కోలేదు. వారంపాటు రోజూ పొద్దున్నే వార్డుకి వెళ్ళి, సిస్టర్ చూపించినవన్నీ చూసి, వచ్చి కలిపేవారు. మెషిన్ నడిపే కుర్రాళ్ళు "మాస్టారు ఇవాళ ఏం చూసొచ్చారు?" అని ఇకిలిస్తే, "మీ అమ్మ నీకు రోజుకి ఏడుసార్లు చూసింది, అడుగు" అనేవారు. కార్డు కుదిరింది. మూడు ప్రసూతి ఆసుపత్రుల్లో పంచారు. నాలుగు నెలల్లో ఇద్దరు పిల్లలు నలభై రోజులైనా నిండకుండానే ఆసుపత్రికి వచ్చారు. డాక్టరమ్మ ఫోన్ చేసి మరీ చెప్పింది.

రెండో విడత అచ్చు వేసేటప్పుడు పాత పసుపు ఇంకు దొరకలేదు. ఇంకో కంపెనీ పసుపు తెప్పించి, ప్రెస్సులో పగటి వెలుగునిచ్చే లైట్ పెట్టెలో పాత కార్డు పక్కన పెట్టి, వెంట్రుకవాసి తేడా లేకుండా కలిపారు మాస్టారు. ఆయన ఆ రోజు ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్ళారని ఓనరు ఇప్పటికీ చెబుతాడు.

ఏడు వారాలు గడిచాయి. మాస్టారి కూతురు నెల బిడ్డతో పది రోజులుండి పోదామని వచ్చింది. ఒకరోజు సాయంత్రం లోపలి గదిలోంచి పిలిచింది.

"నాన్నా, ఆసుపత్రిలో ఇచ్చిన ఈ కార్డు నువ్వు కలిపిందేనా? మూడో గడికీ నాలుగో గడికీ నాకు తేడా తెలియట్లేదు."

"చత్వారం నాకా, నీకా?" అంటూ వెళ్ళారు మాస్టారు.

గదిలో పసుపుపచ్చ బల్బు వెలుగుతోంది. మాస్టారు కార్డుని దాని కింద పట్టుకుని చూశారు. నాలుగో గడి, ఆరోగ్యానిది, తేటగా పసుపుండాల్సింది, పాలిపోయి మూడో గడికి తోబుట్టువులా ఉంది. పరుగున వరండాలోకి తెచ్చారు. పగటి వెలుగు ఇంకా కాస్త ఉంది. అక్కడ నిక్షేపంగా పసుపే. మళ్ళీ లోపలికి. పాలిపోయింది. అలా నాలుగుసార్లు తిరిగారు.

"ఏమైందండీ, పిల్లకేమన్నా..." అని భార్య వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"దానికేం లేదు. బంగారంలా ఉంది." ఆయన కార్డు ఆవిడ ముందు పెట్టారు. "నా పసుపుకి వచ్చింది జబ్బు."

రెండు పసుపులు ఒక వెలుగులో కవలల్లా ఉండి ఇంకో వెలుగులో వేరుపడతాయని ఆయనకి తెలియక కాదు. సబ్బు కవర్ల మీద చూసిందే. కానీ ఈ కార్డుని ఎవరూ లైట్ పెట్టెలో పెట్టి చూడరని, ఇళ్ళలో బల్బుల కింద చూస్తారని, ఆ రోజు తట్టలేదు. పాలిపోయిన డైపర్‌ని ఏ తల్లైనా నాలుగో గడితో పోల్చుకుని నిశ్చింతగా ఉండిపోవచ్చు.

మర్నాడు ఓనరు విని కార్డుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మాస్టారూ, మన లైట్‌లో సరిపోయింది. ఆవిడ సంతకం కూడా పెట్టింది. ఇప్పుడు మనంతట మనం వెళ్ళి చెబితే..."

"చెప్పకపోతే నాకు అన్నం దిగదు బాబూ."

"నేను వద్దన్లేదు. భయమేస్తోందంటున్నా." అతను కుర్చీలోంచి లేచాడు. "పదండి, నేనూ వస్తాను."

డాక్టరమ్మ అరవలేదు. కార్డుని తన బల్లదీపం కింద ఒకసారి, కిటికీలో ఒకసారి పట్టుకుని చూసింది. "సంతకం పెట్టేముందు నేనూ కిటికీ దగ్గరే చూశాను" అంది మెల్లగా. తర్వాత సిస్టర్‌ని పిలిచి, ఇళ్ళకి వెళ్ళిన కార్డులెన్నో తీయమంది.

ఆరువందల పన్నెండు. మొదటి విడతలో మిగిలిన పాత కార్డుల కట్ట ఒకటి దొరికింది. కార్డు మార్చుకోమని చెప్పడానికి ముగ్గురు నర్సులు రెండు రోజులు ఫోన్ల మీదే కూర్చున్నారు. పద్నాలుగు మంది ఎత్తలేదు. ఆ ఇళ్ళకి సిస్టర్ బయల్దేరుతుంటే మాస్టారు కూడా వెళ్ళారు. ఏ కార్డు ఎలా ఉందో తన కంటికి తప్ప చిక్కదన్నారు గానీ, ఇంట్లో కూర్చోలేక వెళ్ళారని సిస్టర్‌కి అర్థమైంది.

తొమ్మిదో ఇల్లు ఒక మేడ మీద ఒంటి గది. కిటికీకి ఎదురింటి గోడ అడ్డం, పగలే బల్బు వెయ్యాలి. బట్టలు కుట్టే అమ్మాయి, ఆమె అత్తగారు, ముప్పై తొమ్మిది రోజుల ఆడపిల్ల. తల్లి కార్డుని దాచిపెట్టిన చోటు నుంచి తీసి ఇచ్చింది.

"రోజూ చూస్తున్నానండీ. వెనకాల రాస్తున్నాను కూడా."

మాస్టారు తిప్పి చూశారు. కుట్టుపనికి గుడ్డ మీద సుద్దతో గీసే గీతల్లాంటి సన్నటి పెన్సిల్ రాత. మొదటి రెండు వారాలూ అయిదు, అయిదు, అయిదు. అక్కడి నుంచి అన్నీ నాలుగులు. ఇరవై అయిదు నాలుగులు, ఒక్క రోజు కూడా తప్పకుండా.

"ఇవాళ్టిది ఉందా అమ్మా?" అని అడిగింది సిస్టర్.

డైపర్‌ని, పాత కార్డుని మెట్ల మీదికి, ఎండలోకి తెచ్చారు. మాస్టారు రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. వార్డులో చూసిన ఆ తడి సున్నమే. మూడో గడి. సిస్టర్ బిడ్డ కళ్ళు తెరిచి చూసింది, పొట్ట తడిమింది, వెంటనే ఫోన్ తీసింది.

"కామెర్లు ఎండకి పెడితే పోతాయన్నారుగా" అంది అత్తగారు. "నాలుగు మంచిదేనని మీరే చెప్పారుగా!"

"మంచిదే అమ్మా. కానీ ఆ నాలుగు సరిగ్గా లేదు. ఆ రంగు కలిపింది నేను. తప్పు నాదే" అన్నారు మాస్టారు.

అత్తగారు నోటికొచ్చినట్టు తిట్టింది. ముసలాడివి కళ్ళు కనపడకపోతే ఇంట్లో కూర్చోవాల్సింది అంది. మాస్టారు తల వంచుకుని పడ్డారు. ఆ తల్లి మాత్రం కార్డు వెనక అంకెల వంకే చూస్తూ నిలబడింది. తర్వాత "అత్తయ్యా, అవన్నీ తర్వాత. ముందు దాని గుడ్డలు సర్దండి, వెళ్దాం" అంది.

పరీక్షలన్నీ అయ్యి, పాప పుట్టిన నలభై నాలుగో రోజున ఆపరేషన్ చేశారు. మూసుకుపోయిన నాళం తీసేసి, పేగునే పైకి తెచ్చి కాలేయానికి కుట్టారు. ఆ తర్వాత ఎదురుచూడటమే. ఆ రోజుల్లో మాస్టారు డాక్టరమ్మని ఒకే ఒక్క మాట అడిగారు.

"నా పసుపు సరిగ్గా ఉండుంటే, రెండు మూడు వారాల ముందే వచ్చేవాళ్ళు. పాపకి అది ఎంత తేడా?"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఏమీ లేకపోవచ్చు. చాలా ఉండొచ్చు. ఈ ఒక్క పాప విషయంలో ఎవరూ చెప్పలేరు మాస్టారూ. మిమ్మల్ని ఊరడించడానికి అబద్ధం చెప్పను."

ఆపరేషన్ అయిన ఆరో రోజున ఆ తల్లే ఆయన్ని వార్డులోకి పిలిచింది. "మీ మీద కోపం పోలేదండీ" అంది. "కానీ రంగు మీరే బాగా చూస్తారంటున్నారు. ఇది చూడండి." డైపర్‌లో ముదురు ఆకుపచ్చ మరక. మాస్టారికి కళ్ళద్దాలు మసకబారి, తుడుచుకుని మళ్ళీ చూడాల్సి వచ్చింది. "రసం దిగుతోందమ్మా" అన్నారు. పక్కనే నిలబడ్డ అత్తగారు కుర్చీ ఆయన వైపు జరిపింది.

పరిశోధన నివేదికలో డాక్టరమ్మ ఈ సంగతి ఒక పేరా రాసింది. రెండో విడత కార్డుల్లో లోపం, అది ఎలా బయటపడింది, ఎంతమంది కార్డులు మార్చారు, ఒక బిడ్డ విషయంలో ఏం జరిగింది. దాచకుండా రాయమని ఓనరే అడిగాడు. ఇక మీదట ఏ అచ్చయినా మూడు రకాల వెలుగుల్లో చూశాకే బయటికి పంపాలని కూడా అందులో ఉంది. దాన్ని చదివి దూరాన ఉన్న ఒక ఆసుపత్రి వాళ్ళు తమ కార్డులు తీసి చూసుకుంటే, వాళ్ళదీ ఒక కట్ట తేడాగా తేలిందట.

పాపకి ఇప్పుడు పద్నాలుగు నెలలు. కామెర్లు పోయాయి. కాలేయం కాస్త గట్టిపడింది, ఎప్పుడో ఒకనాటికి కొత్త కాలేయం కావాల్సి రావచ్చు, రాకపోనూ వచ్చు. అది తల్లికి తెలుసు. మూడు నెలలకోసారి రక్తపరీక్షకి తీసుకొస్తుంది. మొన్న వచ్చినప్పుడు పాప ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కాసేపు నిలబడి, డాక్టరమ్మ బల్ల మీది కాగితాలన్నీ కింద పడేసింది. పెద్దవాళ్ళందరూ వంగి ఏరుకుంటుంటే, పైనుంచి చూస్తూ నవ్వింది.