చదవని పేపర్లో పేరు

మొదటి దెబ్బ చెంప మీద పడింది. రెండోది ఎక్కడ పడిందో ధర్మేందర్‌కు తెలియలేదు. అప్పటికే అతను స్టాఫ్‌రూమ్ నేల మీద ఉన్నాడు.

కొడుతున్నది పరాయివాడు కాదు, అక్క మొగుడు ఎల్లస్వామి. దంతాలపల్లి దగ్గరి పల్లె నుంచి జనగామ దాకా బస్సులో వచ్చి, ఫిజిక్స్ సార్ ఎక్కడుంటాడని అటెండర్‌ను మర్యాదగా అడిగి మరీ లోపలికొచ్చాడు.

"మా అవ్వను సంపినోళ్లకు సాక్ష్యం రాసిస్తవారా?" అని కడుపులో తన్నాడు.

"ఆగు బావా, నాకేం తెల్వది!"

"నీ పేరే సదివిండ్రు గద, అందరి ముంగట!" ఎల్లస్వామి మడత కాగితాలు అతని మొహాన కొట్టాడు. తోటి లెక్చరర్లు వచ్చి విడిపించేసరికి ధర్మేందర్ పెదవి చీలి చొక్కా ఎర్రబడింది.

ఆ పల్లె వెనక గ్రానైట్ క్వారీ ఉంది. రోజూ మధ్యాహ్నం రాయి పేలుస్తారు. వానాకాలంలో ఒకనాడు ఎల్లస్వామి ఇంటి గోడ అతని తల్లి కట్టమ్మ మీద కూలింది. పెళ్లలు తీసి చూస్తే ముసలామె తల గుర్తుపట్టేలా లేదు. పాడె మోసినవాళ్లలో ధర్మేందర్ కూడా ఉన్నాడు. క్వారీని ఆపేదాకా వదలొద్దని బావను ఎగదోసిందీ అతనే. ఊరంతా అర్జీ పెట్టుకుంటే, క్వారీ వాళ్లు బదులుగా అంతకుముందే అచ్చయిన ఒక పరిశోధన పత్రం తెచ్చి చూపించారు. పేలుళ్ల అదురుతో ఇళ్లకు ముప్పే లేదని అది తేల్చింది. రాసినవాళ్లు ఇద్దరు. భూపాలపల్లి కాలేజీలో చెప్పే శ్రీకర్, జనగామలో చెప్పే ధర్మేందర్.

ఇందులో వింతేమీ లేదు. పల్లెల్లో నాట్లకు బదులు పోతారు. ఇవాళ మీ పొలంలోకి మేము, రేపు మా పొలంలోకి మీరు. సార్లూ పల్లె పిల్లలే కాబట్టి ఆ పద్ధతినే కాలేజీకి పట్టుకొచ్చారు. నా పేపర్లో నీ పేరు, నీ పేపర్లో నా పేరు. పైగా ఒకడి పేపర్‌ను ఇంకొకడు తన పేపర్లో ప్రమాణంగా చూపించాలి. దాన్ని సైటేషన్ అంటారు. ఎన్ని సైటేషన్లుంటే అంత పండితుడు, ఎంతమందితో కలిసి రాస్తే అంత గొప్ప, ప్రమోషనూ ఆ లెక్కలోనే వస్తుంది. నాట్లకు పోయినవాడు కనీసం బురదలో దిగుతాడు. ఈ మహానుభావులకు ఆ బాధ కూడా లేదు.

మర్నాడు పొద్దున్నే ధర్మేందర్ భూపాలపల్లిలో శ్రీకర్ ఇంట్లో ఉన్నాడు. శ్రీకర్ ఇడ్లీ తింటున్నాడు. నోట్లో ముక్క నోట్లో ఉండగానే ధర్మేందర్ గుద్దాడు.

"క్వారీ మొఖం సూసినవారా అసలు?"

"వాళ్ల కార్లనే పోయొచ్చిన," అన్నాడు శ్రీకర్ నెత్తురు ఉమ్ముతూ. "వాళ్లిచ్చిన అంకెలే రాసిన."

"నా పేరెందుకు పెట్టినవ్?"

"ఏ పేపరైనా సరే, పేరు పెట్టుమని నువ్వే అంటివి గదన్నా! నేనెన్నింట్ల పెట్టలే? ఎన్నడన్న అడిగినవా?"

ఆ మాట నిజం కాబట్టే ధర్మేందర్‌కు ఒళ్లు మండింది. జుట్టు పట్టి తలను గోడకు కొట్టాడు. శ్రీకర్ చేతికందిన స్టీలు చెంబుతో అతని నుదుటి మీద మోదాడు. ఇద్దరూ కిందపడి, పశువుల్లా పొర్లి, పక్కింటివాళ్లు లాగితే విడిపోయారు.

"విచారణల నోరిప్పితే నీ ప్రమోషన్ గూడ మన్నుల కలుస్తది," అని అరిచాడు శ్రీకర్.

"కలవనీ!" అన్నాడు ధర్మేందర్. ఎన్నాళ్లకో తాను మగవాడిలా మాట్లాడాననిపించింది.

ఊరి అర్జీ మీద విచారణ మహబూబాబాద్‌లో. అక్క వసంత అప్పటికే మొగుడితో నానా గొడవా పడి, ఊరందరికీ చెప్పి ఉంచింది. "మా తమ్మునికి తెల్వది. గా శ్రీకర్‌గాడు మోసం జేసిండు. సూడుండ్రి, మావోడే లేసి చెప్తడు." ఆమెకు కావాల్సింది ఒక్కటే, పేలుళ్లు ఆగాలి. అదే ఇంట్లో, మిగిలిన మూడు గోడల మధ్య ఆమె ఇంకా కాపురం చేస్తోంది.

ధర్మేందర్ నుదుటి కట్టుతోనే లేచాడు. "ఆ పేపర్ నేను రాయలేదు సార్. క్వారీలో అడుగు కూడా పెట్టలేదు. అది అబద్ధం."

ఊరివాళ్లు చప్పట్లు కొట్టారు. వసంత కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

క్వారీ వకీలు తాపీగా లేచాడు. "మరి ఈ పేపర్ ఎవరిది సార్?"

అది ధర్మేందర్‌దే, ఒక్కడిదే. రాతి ప్రకంపనల మీద. అందులో ఒక వాక్యాన్ని వకీలు తెలుగులో చదివాడు. పేలుళ్ల వల్ల ఇళ్లకు ముప్పు లేదని ఇదివరకే రుజువైంది, శ్రీకర్ పేపర్ చూడండి అని. శ్రీకర్ పంపిన సైటేషన్ వాక్యాన్ని ఎప్పటిలాగే తెచ్చి అతికించి, అందులో ఏముందో చూడకుండా పంపేశాడు ధర్మేందర్.

"ఇది తమరే రాసిన్రా?"

"నేనే."

"పత్రికకు ఎప్పుడు పంపిన్రు? తారీఖు ఇక్కడుంది."

తారీఖును వకీలే చదివాడు. కట్టమ్మ దినాలు అయిన మర్నాడు.

ఇవాళ అబద్ధమంటున్న పేపర్‌నే అప్పుడు ప్రమాణంగా చూపించిన మనిషి మాటను ఎలా నమ్మాలన్నాడు విచారణ అధికారి. పేలుళ్లు ఆపడానికి ఆధారం లేదని రాసి సంతకం పెట్టాడు. కుర్చీలు ఎగిరాయి. క్వారీ మనుషులు కర్రలతో వచ్చి ఎల్లస్వామిని వరండా మెట్ల మీద పడేసి చేయి విరగ్గొట్టారు. పోలీసులు వచ్చి ఊరివాళ్లనే బయటికి తోశారు.

బయట వసంత తమ్ముడి ముందు నిలబడింది.

"అత్తమ్మ దినాల బువ్వ తిని పోయి రాసినవా?"

"చూసుకోలేదక్కా. చదవకనే పంపిన."

ఆమె చెప్పు తీసి మొహం మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. నుదుటి కట్టు ఊడి నెత్తురు కంట్లోకి కారింది.

"సదివి రాసినా, ఆశకు రాసిండు అనుకుందును తమ్మీ," అంది వసంత. "మా సావు నీకు సదివేంత పని గూడ కాలేదా?"

రెండో చెప్పు కూడా తీసింది. ఊరివాళ్లు చుట్టూ ఉన్నారు. ఎవరూ ఆపలేదు.