వెనక ఎవరూ లేరు

చొక్కాల ఇస్త్రీ అయిపోగానే ఆమె అటక మీది పాత ఇస్త్రీపెట్టె దింపింది. కాళ్ళకు బిగించుకుని మంచు మీద జారే పొడవాటి చెక్కలు, రెండు స్కీలనూ వంటగది బల్ల మీద బోర్లా పరిచి, ఇస్త్రీపెట్టెతో మైనం కరిగించి పూయసాగింది. మైనం ఎంత సమంగా పడితే మంచు మీద అంత జారుడు.

"ఆ చెక్కలకి చేసే సేవలో సగం మావాడి చొక్కాలకి చేసుంటే వాడీపాటికి మేనేజరయ్యేవాడు" అంది అత్తగారు, కూర్చున్నచోటి నుంచి కదలకుండా.

"చొక్కాలైపోయాయి అత్తయ్యా."

"అయితే కాసేపు నడుం వాల్చవచ్చుగా! మంచు మొహం చూడని ఊళ్ళో పుట్టి, మంచు మీద పందేలేంటో! నలుగురూ నవ్విపోతారు."

నలుగురూ ఎప్పుడో నవ్వేశారు. ఆమెకు అలవాటైపోయింది.

బయట తారు కరిగే ఎండల్లో, ఊరి నడుమ ఒక పెద్ద షాపింగ్ భవనం లోపల, యంత్రాలతో మంచు పోసి కొండవాలులా మలిచిన హాలొకటి ఉంది. అందులో ఆమెది బూట్ల పని. వచ్చినవాళ్ళ కాళ్ళకు అద్దె బూట్లు తొడిగి బిగించాలి. వాళ్ళు వెళ్ళాక చెమట కంపు కొట్టే ఆ బూట్లను ఆరబెట్టాలి. జనం పలచబడ్డాక పనివాళ్ళను కాసేపు మంచు మీదికి పోనిచ్చేవారు. మిగతావాళ్ళు ఫొటోలు దిగేవారు, ఆమె వాలు దిగేది. చలిదేశం నుంచి వచ్చిన ముసలి కోచ్ ఒకావిడ అది చూసి, "పడటమంటే నీకు భయం లేదు. మిగతాది నేను నేర్పుతాను" అంది. హాల్లో అందరూ ఆవిడను కోచమ్మ అనేవారు.

భర్త పరిచయమైందీ అక్కడే. చుట్టాలు వచ్చినప్పుడల్లా ఆయన చెప్పే కథ అది. "మొదటిసారి చూసేసరికి మా ఆవిడ నా కాళ్ళ దగ్గర కూర్చునుంది. అప్పుడే అనుకున్నా, ఈ పిల్లే నాకు తగిందని!" అందరూ ఫక్కున నవ్వేవారు. టీ కప్పులు అందిస్తూ ఆమె కూడా నవ్వేది. ఆ వెంటనే ఆయన మంచు మీద వెల్లకిలా పడ్డాడనీ, చంకల్లో చేతులేసి లేపింది తనేననీ ఆ కథలో ఉండదు. ఎందుకుండదో ఆమెకు చాన్నాళ్ళు తట్టలేదు. పెళ్ళయ్యాక ఆయన పందేలకు అడ్డు చెప్పలేదు. "పంపిస్తున్నాడే తల్లీ, ఎంత మంచివాడో!" అనేవారు చుట్టాలు. ఆమె తెల్లవారకముందే లేచి ఇంటిల్లిపాదికీ వండి, మేడమెట్లు ఎక్కీ దిగీ తొడలు గట్టిపరుచుకుని, హాల్లో పనికి పోయి, వాలు మీద సాధన చేసి, మళ్ళీ పొయ్యి ముందుకు వచ్చేది. మంచితనం మాత్రం ఆయన ఖాతాలో పడేది.

ఈసారిది అన్ని దేశాలవాళ్ళూ వచ్చే పెద్ద పందెం. అంతకుముందు వెళ్ళిన రెండింట్లోనూ ఆమె సగం దారిలోనే పడిపోయింది. సూట్‌కేసు సర్దుతుంటే ఆయన గుమ్మంలో నిలబడి అన్నాడు. "ఒక్క మాట. ఈసారీ కొండ అడుగుదాకా రాలేకపోయావనుకో, ఆ చెక్కలు అమ్మేద్దాం. ఇల్లూ, ఉద్యోగం, కొండా అంటే ఎవరివల్లవుతుంది చెప్పు?"

"వస్తే?"

"వస్తే ఇక నేను నోరెత్తను. మాటంటే మాటే."

"సరేనండీ" అంది.

పందెంలో ఎర్ర కర్రలూ నీలం కర్రలూ గేట్లుగా పాతిన వాలులో మెలికలు తిరుగుతూ దిగాలి. ఒక్క గేటు తప్పినా లెక్కలోకి రారు. అడుగుదాకా వచ్చినవాళ్ళకు గేట్లు మార్చి పాతి రెండో పరుగు పెడతారు. పేరున్నవాళ్ళు ముందుగా, నున్నటి మంచు మీద దిగుతారు. ఆమె నంబరు అందరికంటే చివరిది. తన వంతు వచ్చేసరికి ఆ దారి వాన వెలిసిన బండిబాటలా గాళ్ళు పడిపోతుంది. చూసేవాళ్ళు సగం మంది లేచి కాఫీలకు పోతారు. ఇంట్లో మాత్రం? అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిందేగా తన కంచంలోకి! గతుకుల్లో ఒళ్ళు నిలుపుకోవడం ఆమెకు ఒకరు నేర్పాల్సిన పని కాదు.

అయినా పడింది. సగం దారిలో గాడి స్కీని లాగేసింది. పక్కకు ఒరిగి, జారి, ఒక గేటు దాటి కిందికి వచ్చి ఆగింది. తప్పిన గేటు తలపైన కనిపిస్తోంది. 'అమ్మేద్దాం' అన్న మాట చెవిలో గింగిరాలు తిరిగింది. గేట్ల దగ్గర కాపలా ఉన్న మనిషి ఆమెను జాలిగా చూశాడు. ఇలా తప్పినవాళ్ళు తలవంచుకుని పక్కకు పోతారు. వెనక వచ్చేవాళ్ళకు అడ్డు కానంతవరకూ పైకెక్కి గేటు చుట్టి రావచ్చు, నియమం ఒప్పుకుంటుంది. కానీ రెప్పపాటులో గెలుపోటములు తేలే చోట కొండెక్కడమంటే నామోషీ. ఎవరూ ఎక్కరు.

ఆమె మెడ తిప్పి పైకి చూసింది. తెల్లటి వాలు, ఖాళీగా. వచ్చేదెవరు? చివరిది తనే. ఇన్నేళ్ళూ తలవంపులనుకున్న ఆ నంబరు కొండనంతా తెచ్చి ఆమె ఒక్కదాని చేతిలో పెట్టింది. అడ్డు లెమ్మనే నాథుడు లేడు.

స్కీలు అడ్డంగా తిప్పి, పీతలా పక్కవాటుగా, అడుగు తీసి అడుగు వేస్తూ ఎక్కింది. కింద కంచె దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో చప్పట్లు కొట్టారు. రెండూ వినిపించాయి. గేటు చుట్టి తిరిగి, గాళ్ళన్నీ కాళ్ళతో తడుముకుంటూ, అడుగుదాకా దిగింది. బోర్డు మీద ఆమె నంబరు పడింది, అందరి కింద. పడినవాళ్ళవీ గేట్లు తప్పినవాళ్ళవీ అసలు పడనే లేదు.

"పిచ్చిదానా, ఎవరైనా ఎక్కుతారటే!" అని నెత్తిన ఒక మొట్టికాయ వేసి, కోచమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఫోను మోగింది.

"ఏంటది? ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాం. మెట్లెక్కినట్టు ఎక్కావేంటి? మా ఆఫీసువాళ్ళు కూడా చూశారు. పరువు పోయింది."

"అడుగుదాకా వచ్చానండీ."

"అదీ ఒక రావడమేనా? అది లెక్కలోకి రాదు."

వెనక నుంచి అత్తగారి గొంతు. "దెబ్బలేమైనా తగిలాయేమో ముందు అడగరా!"

"నువ్వూరుకో అమ్మా."

ఇదివరకైతే నియమం విడమరిచి చెప్పేది, బతిమాలేది. సంజాయిషీ నోటిదాకా వచ్చింది కూడా. మింగేసి, మరోసారి బోర్డు వైపు చూసింది. లెక్కలోకి వచ్చిందో లేదో అక్కడుంది.

"సరే, ముందు ఇంటికి రా. ఆ చెక్కల సంగతి తీరిగ్గా మాట్లాడుకుందాం."

"ఆ సంగతి అయిపోయిందండీ" అంది ఆమె, గొంతు పెంచకుండా. "వచ్చాక ఇంటిపని సంగతి మాట్లాడుకుందాం. ఎవరేం చేస్తారో ఈలోగా మీరూ అత్తయ్యా అనుకుని ఉంచండి. ఇప్పుడు ఫోను పెట్టేస్తున్నాను. పైన నా కోసం మళ్ళీ గేట్లు పాతుతున్నారు."