గాస్టన్ కోటు

కోటు తొడుక్కునే లోపలికి వెళ్లాలా, సంతకం అయ్యాక ఫొటోకి తొడుక్కుంటే బాగుంటుందా అని బెర్త్రాన్ లెకూర్ పారిస్ నుంచి దారి పొడుగునా ఆలోచించాడు. వాల్మోన్ ఊరి మేయరు గదిలో, కోటున్న సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాక కూడా అదే ఆలోచన. పెద్దదాన్ని తప్పించుకోవడానికి మనసు ఇలాంటి చిన్నవాటిని పట్టుకుని వేలాడుతుందని అతనికి తెలుసు. తెలిసినా ఆగదు.

అధ్యక్ష ఎన్నికలో నిలబడాలంటే మేయర్లవంటి వాళ్ల సంతకాలు ఐదువందలు కావాలి. శుక్రవారంతో గడువు సరి. ఒకనాటి ఆర్థికమంత్రి లెకూర్‌కి ఇంకా నలభై తక్కువ. వాల్మోన్ ఇస్తే చుట్టుపక్కల ఊళ్లూ ఇస్తాయి. వాల్మోన్ ఇస్తే, తను అబద్ధాలకోరు కాదని కూడా తేలుతుంది.

పదేళ్ల కిందట ఇక్కడి ఉక్కు కొలిమి ఎదుట, గాస్టన్ కీఫర్ అనే కార్మికుడు ఫ్యాక్టరీవాళ్లిచ్చిన తన నీలం కోటు విప్పి లెకూర్ భుజాల మీద కప్పాడు. "నేను మంత్రిగా ఉండగా ఈ కొలిమి ఆరదు" అన్నాడు లెకూర్. ఆరు నెలలకే ఆరింది. అతను మాత్రం మంత్రిగానే ఉన్నాడు.

గాస్టన్ భార్య సొలాంజ్ అప్పట్లో ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వడ్డించేది. ఇప్పుడు మేయరు. ఆమే కాఫీ పోసింది.

"చిక్కిపోయారు మంత్రిగారూ. పారిస్‌లో తిండి పెట్టట్లేదా?"

"మంత్రిగారేంటి, సొలాంజ్? అప్పుడు కామ్రేడ్ అనేదానివి."

"అప్పుడు కొలిమి ఉండేదిగా."

ఆమె సంతకం పెట్టాల్సిన కాగితం ముందుకు లాక్కుని కలం మూత తీసింది.

"పెడతావా?" అన్నాడు లెకూర్.

"పెడతాలే. ఊళ్లో తిడతారు, తిట్టనీ. ఈ చలిలో ఇంతదూరం వచ్చావు, ఉత్త చేతుల్తో ఎలా పంపను?"

గుమ్మంలో నిలబడ్డ ముసలివాడికి రొట్టె తెచ్చి ఇస్తున్నట్టుంది ఆ గొంతు. కోపమైతే అతను తట్టుకునేవాడు.

"గాస్టన్ ఎలా ఉన్నాడు?"

"సూపర్ మార్కెట్ గేటు దగ్గర కాపలా. కొలిమి మూసినరోజు కోట్లన్నీ వెనక్కి ఇచ్చెయ్యమన్నారు. మా ఆయనదొక్కటే లేదు. మంత్రిగారి దగ్గరుందంటే గుమాస్తా నవ్వాడట. ఇంటికొచ్చి చెప్తూ ఈయనా నవ్వాడు. మళ్లీ నవ్వగా నేను చూళ్లేదు."

కలం మొన కాగితానికి ఆనింది.

లెకూర్ ఆమె చేతికింది కాగితాన్ని మెల్లగా లాగి మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంచీలోంచి కోటు తీసి, జేబు మీద కుట్టిన కీఫర్ అన్న పేరు కనపడేలా, తలుపు పక్క కొక్కేనికి తగిలించాడు.